తోమిన పాత ఇనుము మళ్లీ తుప్పు పట్టకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

అటక సర్దుతుంటే తాతగారి అడకత్తెర దొరుకుతుంది. పాత ఇల్లు పడగొట్టినప్పుడు అరచేయంత తాళం కప్ప, సింహద్వారం గొళ్లెం బయటపడతాయి. కొందరి ఇళ్లలో తరాల నాటి కత్తి పూజగదిలో ఓ మూల ఉంటుంది. వీటిని తోమి మెరిపించడం ఎలాగో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. తోమాక ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. నా అనుభవంలో అసలు పని అక్కడే మొదలవుతుంది. అటక మీద దుమ్ములో అరవై ఏళ్లు నిలిచిన కత్తిని తోమి గోడకు తగిలిస్తే మూడు వానకాలాలకే గుంటలు పడటం నా కళ్లతో చూశాను. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

శుభ్రం చేసి పక్కన పెట్టాను. తెల్లారేసరికి ఎర్రబడింది. ఏం తప్పు చేశాను?

తోమడంలో తప్పేమీ ఉండకపోవచ్చు. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు ఉంటే చాలు. పాత పొర లేచిపోయిన ఇనుము చెక్కుకుపోయిన మోకాలి లాంటిది, పచ్చిగా ఉంటుంది. కడిగిన నీరు కంటికి కనబడని గుంటల్లో, రివిట్ల కింద, కీలు సందుల్లో నిలిచిపోతుంది. పైన తడి ఆరినా లోపలి తడి అంత త్వరగా ఆరదు. పొద్దున మీకు కనిపించిన పలుచని నారింజ పొర ఆ తడి వల్ల వచ్చిందే.

దాన్ని చూసి కంగారుపడి మళ్లీ గరుకు కాగితం పట్టుకోకండి. మెత్తటి నూలు గుడ్డకు రెండు చుక్కల కుట్టుమిషను నూనె అద్ది రుద్దితే ఆ పొర వచ్చేస్తుంది. ఇకమీదట మాత్రం తోమడం, కడగడం, ఆరబెట్టడం, పూత వేయడం ఒకే పూటలో పూర్తి చేయండి. అంత సమయం లేని రోజు అసలు మొదలుపెట్టవద్దు.

తుప్పంతా పోయి తెల్లగా మెరిసేదాకా తోమాలా?

వద్దు. ఇటుక రంగులో పొడిపొడిగా రాలేది, పెచ్చులుగా లేచేది మాత్రమే తీయండి. దాని అడుగున గట్టిగా, నల్లగా, ఇనుమును అంటిపెట్టుకుని ఉండే పొర వేరు. అది చాలావరకు స్థిరంగా ఉంటుంది, కింది లోహానికి కొంత కాపుదల ఇస్తుంది. కమ్మరి సుత్తి దెబ్బలు, చెక్కిన గీతలు, అచ్చు గుర్తులు మిగిలి ఉండేది కూడా ఆ పొరలోనే. దాన్ని గీకేస్తే వస్తువు వయసు, చేసినవాడి చేతి జాడ కలిసి పోతాయి. మొదట్లో నేను ఒక అడకత్తెరను గరుకు కాగితంతో రుద్ది, దాని పిడి మీద చెక్కిన చిలుక కన్ను అరగదీశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

వెదురు పుల్ల, ఇత్తడి తీగల బ్రష్షు, నూనెలో ముంచిన అతి సన్నని ఇనుప పీచు చాలు. కరెంటుతో తిరిగే గ్రైండర్ చక్రం పాత వస్తువు దగ్గరకు రాకూడదు.

నిమ్మకాయ, ఉప్పు, చింతపండు వాడి తోమాను. పరవాలేదా?

ఇత్తడి బిందెకు అలవాటైన పద్ధతి ఇది. ఇనుముకు మాత్రం ఇందులో ఉప్పు పగవాడు. ఉప్పులోని క్లోరైడు ఇనుము రంధ్రాల్లోకి దిగి కూర్చుంటుంది. గాలిలోని తేమను పీల్చుకుంటూ, మీరు పైన ఎంత మంచి పూత వేసినా కింద తన పని తాను చేసుకుపోతుంది. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ ఇంకా ప్రమాదకరం. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులోనూ క్లోరైడే ఉంది. నిమిషంలో తుప్పు ఊడివస్తుంటే సంతోషంగా ఉంటుంది కానీ నెల తిరిగేసరికి అంతకు రెండింతలు పడుతుంది.

వాడేశారు కాబట్టి ఇప్పుడు చేయగలిగింది చెబుతాను. డిస్టిల్డ్ వాటర్‌లో వస్తువును ముంచి, నీళ్లు మారుస్తూ రెండు మూడు రోజులు నాననివ్వండి. లీటరు నీటికి రెండు చెంచాల బట్టల సోడా కలిపితే నానే సమయంలో తుప్పు పట్టదు, మిగిలిన పులుపు కూడా విరిగిపోతుంది. చివర సోడా పోయేలా కొత్త డిస్టిల్డ్ వాటర్‌లో మరోసారి ముంచి తీయండి. చెక్క పిడి ఉన్నవాటిని ఇలా నానబెట్టకూడదు. తడి గుడ్డతో పదేపదే తుడవడమే వాటికి దారి.

కడగడానికి ఏ నీళ్లు వాడాలి? ఎలా ఆరబెట్టాలి?

బోరు నీళ్లు వద్దు. మన ఊళ్లలో చాలాచోట్ల ఆ నీటిలో లవణాలు ఎక్కువ. బ్యాటరీ దుకాణాల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ కొనండి, ఖరీదు తక్కువే. అది దొరక్కపోతే శుభ్రమైన వాననీరు పట్టి వాడవచ్చు.

ఆరబెట్టడాన్ని మాత్రం చాలా శ్రద్ధగా చేయాలి. పూత గురించి గంటసేపు చర్చించేవాళ్లు కూడా దీన్ని అయిదు నిమిషాల్లో ముగించేస్తారు. తడి మీద పూత వేస్తే, తుప్పును లోపల పెట్టి తాళం వేసినట్టే.

పూర్తిగా ఇనుముతో చేసిన వస్తువైతే ముందు గుడ్డతో తుడిచి, తర్వాత స్పిరిట్‌తో గానీ అసిటోన్‌తో గానీ తడపండి. అవి సందుల్లోని నీటితో కలిసి, త్వరగా ఆవిరైపోతాయి. రెండూ భగ్గుమనే ద్రవాలు కాబట్టి వంటగదిలో, దీపం దగ్గర ఈ పని చేయకండి. ఆ వాసన పూర్తిగా పోయాక వస్తువును వేడి చేయండి. విద్యుత్ ఓవెన్ ఉంటే సుమారు 100 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచవచ్చు. లేకపోతే జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు, అదీ లేకపోతే నడివేసవి మధ్యాహ్నపు ఎండ. మీ ఊరు సముద్రానికి దూరంగా ఉంటే ఈ పనికి మార్చి నుంచి మే వరకు మించిన కాలం లేదు. రాయలసీమ, తెలంగాణ ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది, ఆ పొడిదనం మనకు ఉచితంగా దొరికే మందు. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు పాత ఇనుమును తడపకండి.

కత్తుల విషయంలో ఒక హెచ్చరిక. పాత తల్వార్ల లోహపు పిడిని కత్తికి లక్కతో అతికిస్తారు. వేడినీళ్లలో ముంచినా, ఓవెన్‌లో పెట్టినా లక్క కరిగి పిడి ఊడిపోతుంది. పిడి మీద బంగారు, వెండి తీగల పనితనం ఉంటే అసలు ఇంట్లో ముట్టుకోవద్దు.

ఏ పూత మంచిది? నూనెనా, మైనమా, వార్నిషా?

వస్తువు వాడుకలో ఉందా, చూడటానికి ఉంచుకున్నారా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

రోజూ చేతిలో ఆడే కొడవలి, బాడిస, ఉలి వంటివాటికి నూనె చాలు. ఆముదానికి ఈ పనిలో మంచి గుణం ఉంది. అది ఎండి గట్టిపడదు, జిగురుగా పట్టుకుని ఉంటుంది, కావాలంటే తుడిచేయవచ్చు. అయితే దుమ్మును పట్టేస్తుంది. దుమ్ము తేమను పట్టేస్తుంది. అందుకే కదలకుండా అల్మరాలో ఉండే వస్తువుకు ఆముదం రాసి మరచిపోతే లాభం కన్నా నష్టం ఎక్కువ. వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె కాలం గడిచేకొద్దీ బంకగా మారి, కంపు కొట్టి, వాటిలోని ఆమ్లాలతో లోహానికే కీడు చేస్తాయి. అవిసె నూనె ఎండి గట్టి పొర కడుతుంది కానీ కొన్నేళ్లకు పసుపెక్కుతుంది, తీయడం కష్టం. పైగా అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ఉండ చుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. వాటిని విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.

గొట్టంలోంచి చిమ్మే పలుచని స్ప్రే నూనెలు బిగుసుకున్న తాళాన్ని కదిలించడానికి పనికొస్తాయి. అవి చాలావరకు ఆవిరైపోతాయి కాబట్టి ఏళ్ల తరబడి కాపాడతాయని అనుకోవద్దు.

వార్నిష్, ఎనామిల్ రంగులంటే నాకు ఇష్టం లేదు. ఒక్క గీత పడితే చాలు, తేమ ఆ సందులోంచి దూరి పొర కిందుగా పాకుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల ఇనుము పోతుంటుంది. తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి, అందుకే కొన్నాళ్లకు పొర బుడగలుగా లేస్తుంది. అప్పటికి ఆలస్యమైనట్టే. మ్యూజియంల వాళ్లు వాడే పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్ సంగతి వేరు. దాన్ని అసిటోన్‌లో కరిగించి పలుచగా పూస్తారు, మళ్లీ అసిటోన్‌తోనే తీసేయవచ్చు.

ఇంట్లో అలంకారంగానో, జ్ఞాపకంగానో ఉంచుకునే వస్తువుకు నా ఓటు మైనానికే. సులువుగా వేయవచ్చు, సులువుగా తీయవచ్చు, వస్తువు రంగును పెద్దగా మార్చదు.

మైనం ఎలా పట్టించాలి?

మైక్రోక్రిస్టలైన్ మైనం దొరికితే అదే వాడండి. పెట్రోలియం నుంచి వచ్చే ఈ మైనంలో ఆమ్లం ఉండదు, తేనెమైనం కన్నా గట్టిది. మ్యూజియంలలో చాలాచోట్ల వాడే రినైసాన్స్ వ్యాక్స్ ఈ కోవలోదే. అది బ్రిటిష్ మ్యూజియంలో రూపుదిద్దుకుంది. అంత ఖర్చు పెట్టలేనప్పుడు తేనెమైనం పరవాలేదు. మైనాన్ని సన్నగా తురిమి, సీసాలో వేసి, మునిగేంత టర్పెంటైన్ పోసి మూత పెట్టండి. రెండు మూడు రోజుల్లో వెన్నలా మెత్తబడుతుంది. త్వరగా కావాలని పొయ్యి మీద పెట్టకండి, టర్పెంటైన్ అంటుకుంటుంది.

వస్తువును డ్రయ్యరుతో చేయి పెట్టగలిగినంత వేడి చేయండి. వేడికి మైనం పలుచబడి గుంటల్లోకి, గీతల్లోకి దిగుతుంది. చేతికి తొడుగులు వేసుకుని, మెత్తటి బ్రష్షుతో పలుచగా రాయండి. మందంగా రాస్తే దుమ్ము పట్టే జిడ్డు తప్ప ఒరిగేదేమీ లేదు. చల్లారాక నూలు గుడ్డతో రుద్దండి. మర్నాడు ఇంకో పలుచని పూత. మందమైన ఒక్క పూత కన్నా పలుచని రెండు పూతలు మేలు. కీళ్ల దగ్గర, రివిట్ల చుట్టూ, కత్తి పిడిలో కలిసే చోట ఒకటికి రెండుసార్లు చూడండి, తుప్పు మొదట కన్నేసేది అక్కడే.

ఆ తర్వాత ఉత్త చేతులతో పట్టుకోవద్దు. చెమటలో ఉప్పు ఉంటుంది. పూత లేని ఇనుము మీద వేలిముద్ర పడితే, తేమ కాలంలో ఆ వేలి గీతలే తుప్పు గీతలుగా అచ్చవుతాయి.

కరక్కాయ కషాయంతో తుప్పు ఆగుతుందని విన్నాను. నిజమేనా?

ఇందులో నిజం ఉంది, ఆ నిజం మనకు బాగా తెలిసినదే. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రోజుల తరబడి పులియబెట్టి కసిమి అనే ద్రవం తయారు చేస్తారు. కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరేసిన బట్ట మీద ఆ కసిమితో గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయకు వగరునిచ్చే టానిన్ ఇనుముతో కలిసి నీటిలో కరగని నల్లని పదార్థంగా మారడమే అక్కడ జరిగేది. తుప్పు మీద టానిన్ రాసినప్పుడూ అదే జరుగుతుంది. ఎర్రటి తుప్పు నీలి నలుపు పొరగా మారి కొంత శాంతిస్తుంది.

అయితే కషాయంలో టానిన్‌తోపాటు చక్కెరలు, ఇతర పదార్థాలు కూడా ఉంటాయి, గాఢత ఎంతో మనకు తెలియదు. అందుకే మంచి వస్తువుకు నేను కషాయం వాడను. ప్రయోగశాల రసాయనాలు అమ్మే దుకాణంలో టానిక్ ఆమ్లం పొడి దొరుకుతుంది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 20 నుంచి 30 గ్రాములు కరిగించి, బ్రష్షుతో బాగా రుద్దుతూ పూసి, ఆరనిచ్చి, ఇలా మూడు నాలుగుసార్లు చేయండి. పలుచగా తుప్పు మిగిలిన చోట ఇది బాగా పట్టుతుంది, తెల్లగా తోమిన లోహం మీద సరిగా పట్టదు. రంగు నల్లబడుతుంది, అది మీకు సమ్మతమో కాదో ముందే నిర్ణయించుకోండి, ఎందుకంటే వెనక్కి తీసుకోలేరు. ఇంకో మాట, టానిన్ పొర ఒక్కటే తేమను ఆపలేదు. దాని మీద మైనం పూయాల్సిందే.

పొలంలో తవ్వుతుంటే దొరికిన ఇనుప ముక్క. ఎండబెట్టి మైనం రాశాను, అయినా నారింజ రంగు చెమట బొట్లు వస్తున్నాయి. ఎందుకు?

ఇది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. నేలలో వందల ఏళ్లు ఉన్న ఇనుము అటక మీది ఇనుముతో సమానం కాదు. మట్టిలోని క్లోరైడు తుప్పు పొరల గుండా దిగి, లోపల మిగిలిన లోహం చుట్టూ చేరి ఉంటుంది. నేలలో గాలి తక్కువ కాబట్టి అక్కడ ఏదో సర్దుబాటు కుదిరింది. బయటికి తీయగానే గాలి తగిలి ఆ సర్దుబాటు తప్పుతుంది. క్లోరైడు తేమను లాగి ఆమ్లపు బొట్లుగా పైకి వస్తుంది, ఆ బొట్లే మీరు చూసిన చెమట. తుప్పు లోపలి నుంచి ఉబ్బి పొరలను విరగగొడుతుంది. కొన్ని నెలల్లో వస్తువు పెచ్చులు పెచ్చులుగా విడిపోవచ్చు. పైనుంచి ఎన్ని పూతలు వేసినా లోపలి క్లోరైడు పోదు.

మీరు చేయవలసింది తోమడం ఆపేయడం. వస్తువును గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, దాని బరువుకు తగ్గకుండా సిలికా జెల్ (తేమను పీల్చే గుళికలు) వేసి మూసేయండి. మామూలు ఇనుముకు తేమ 50 శాతం లోపు ఉంటే చాలావరకు నిశ్చింత. క్లోరైడు ఎక్కిన ఇనుముకు అది ఏ మూలకూ చాలదు, 20 శాతం లోపుకు దించాలి. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1843లో నీటిలోకి దించిన ఎస్ఎస్ గ్రేట్ బ్రిటన్ అనే ఇనుప ఓడ ఉంది. ఏళ్ల తరబడి ఉప్పునీరు తాగిన దాని ఇనుప పొట్టను ఇప్పుడు గాజు పైకప్పు కింద ఉంచి, పెద్ద యంత్రాలతో గాలిని 20 శాతం తేమ దగ్గర నిలుపుతున్నారు. మీ డబ్బాలో సిలికా జెల్ చేసేది అదే పని.

క్లోరైడును బయటికి లాగే పద్ధతి ఉంది. సోడియం హైడ్రాక్సైడు, సోడియం సల్ఫైటు కలిపిన ద్రావణంలో నెలల తరబడి నానబెడతారు. చర్మాన్ని కాల్చే రసాయనాలివి, నిపుణులకు వదిలేయండి. లక్నోలో సాంస్కృతిక సంపద పరిరక్షణకు జాతీయ పరిశోధనశాల ఉంది. ముందుగా మీ రాష్ట్ర పురావస్తు శాఖను అడగండి.

అడగడానికి ఇంకో కారణమూ ఉంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి బయటపడిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల్లో బృహత్ శిలాయుగపు సమాధులు చాలా ఉన్నాయి, వాటిలో ఇనుప కత్తులు, బాణపు మొనలు, గొడ్డళ్లు దొరుకుతాయి. ఏ లోతులో, ఏ రాళ్ల పక్కన, ఏ కుండ దగ్గర దొరికిందన్న వివరం ఆ ఇనుప ముక్క కన్నా విలువైనది. దయచేసి తవ్వడం కొనసాగించకండి.

మాది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఎంత జాగ్రత్తగా ఉన్నా తుప్పు ఆగడం లేదు.

విశాఖలో, బందరులో, కాకినాడలో గాలే ఉప్పు మోసుకొస్తుంది. గోడకు తగిలించే ఆలోచన మానుకోండి. గాజు పెట్టెలో గానీ మూత గట్టిగా పడే డబ్బాలో గానీ ఉంచండి. మైనం పూతను ఏడాదికి రెండుసార్లు కొత్తగా వేయండి, వేసే ముందు డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి.

పెట్టెలో దాచాలంటే ఏమేం చూసుకోవాలి?

పాలిథిన్ లేదా పాలీప్రొపిలీన్ డబ్బా మంచిది. వస్తువును వార్తాపత్రికలో, ఉన్ని గుడ్డలో చుట్టవద్దు. టేకు వంటి చెక్కల నుంచి, ప్లైవుడ్ జిగురు నుంచి ఆమ్లపు ఆవిర్లు వెలువడతాయి, మూసిన చెక్కపెట్టెలో అవి ఇనుము మీదే పని చేస్తాయి. కత్తిని తోలు ఒరలో పెట్టి దాచడం చాలామంది చేసే పొరపాటు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును పదును చేయడానికి వాడిన రసాయనాలు, లవణాలు కత్తికి అంటుతాయి. ఒరను, కత్తిని పక్కపక్కనే విడిగా ఉంచండి.

రంగు మారే సిలికా జెల్ కొనండి. నారింజ రంగు గుళికలు తేమ పీల్చి ఆకుపచ్చగా మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. బియ్యం దీనికి సాటి రావు. తేమ కొలిచే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే వస్తుంది, డబ్బాలో ఒకటి ఉంచితే ఊహలతో పని ఉండదు.

దసరాకు ఆయుధ పూజ చేస్తాం. పసుపు, కుంకుమ పెట్టవచ్చా?

తప్పకుండా పెట్టుకోండి. పూజ అందుకోవడానికే ఆ కత్తి ఇంతకాలం మీ ఇంట్లో ఉంది. ముందు రోజు మైనం పూత సరిచూసుకోండి. తడిపిన పసుపు, కుంకుమ నేరుగా ఇనుముకు కాకుండా పిడికి కట్టిన గుడ్డకో, కింద పరిచిన పీటకో పెడితే మంచిది. కత్తి మీదే పెట్టడం మీ ఇంటి ఆచారమైతే మర్నాడు ఉద్వాసన కాగానే శుభ్రంగా తుడవండి. ఏడాది పొడవునా అలాగే వదిలేసిన తడి బొట్ల కింద గుండ్రటి గుంటలు పడిన కత్తులు చాలా చూశాను. నిమ్మకాయను కత్తి మొనకు గుచ్చి ఉంచవద్దు. నీళ్లు చిలకరించినా ఆ పూటే తుడవాలి.

అమ్మమ్మ వాడిన ఇనుప మూకుడు, పెనం కూడా ఇలాగే చేయాలా?

వంటకు వాడేవాటికి మైనం, టానిక్ ఆమ్లం, మిషను నూనె ఏవీ వద్దు. తోమి, పొయ్యి మీద తడి ఆరబెట్టి, నూనె పలుచగా రాసి, సన్నగా పొగ వచ్చేదాకా కాల్చండి. నాలుగైదుసార్లు చేస్తే నల్లటి గట్టి పొర ఏర్పడుతుంది. చింతపండు పులుసు అందులో కాచకండి, ఆ పొర పోతుంది.

ఢిల్లీ ఇనుప స్తంభానికి 1600 ఏళ్లుగా తుప్పు పట్టలేదు. మరి మా తాతగారి కత్తికి ఎందుకు పడుతోంది?

సుమారు ఏడు మీటర్ల ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు ఉన్న ఆ స్తంభపు ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ. ఎండకు ఆరుతూ, వానకు తడుస్తూ ఉండగా ఆ ఫాస్ఫరస్ సాయంతో దాని ఒంటి మీద పలుచని రక్షక పొర ఏర్పడింది. అంటే దానికీ తుప్పు పట్టింది, ఆ తుప్పే కవచమైంది. భూమిలో పాతిన భాగం మాత్రం అంత అదృష్టానికి నోచుకోలేదు. జనం చేతులతో చుట్టుకునే అలవాటు వల్ల ఆ పొర అరిగిపోతుండటంతో 1997లో చుట్టూ కంచె వేశారు. మీ కత్తిలో అంత ఫాస్ఫరస్ ఉండదు, దానికి కవచం మీరే ఇవ్వాలి.

పాత కత్తి మీద నీటి అలల లాంటి గీతలు కనిపిస్తున్నాయి. అది తుప్పా?

చేయి ఆపి నిపుణులకు చూపించండి. అది మూసలో కరిగించి తీసిన ఉక్కు కావచ్చు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపొందిన ఊరు, పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కుని వెళ్లేవారు. ఉక్కులో ఉన్న కార్బైడు (ఇనుము, కర్బనం కలిసిన పదార్థం) పట్టీలే ఆ అలలు. గరుకు కాగితం పెడితే అవి మాసిపోతాయి. ఇలాంటి కత్తికి స్పిరిట్‌తో తుడవడం, మైక్రోక్రిస్టలైన్ మైనం పూయడం తప్ప ఇంకేమీ చేయవద్దు.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. తాతగారి కత్తి అక్కడికి పంపవచ్చా?

వందేళ్లు దాటిన కత్తి 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది. అలాంటిదాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. అంత పాతది కాదనుకుంటే భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. ఆయుధాలకు విమానయాన నియమాలు, ఆ దేశపు నియమాలు వేరేగా ఉంటాయి.

పూత వేశాక ఎన్నాళ్లకోసారి చూడాలి?

ఏడాదికి రెండుసార్లు. వానలు మొదలవక ముందు ఒకసారి, దసరా అయ్యాక ఒకసారి. మంచి వెలుతురులో, భూతద్దంతో కీళ్లు, గీతలు, అంచులు చూడండి. నారింజ చుక్క కనిపిస్తే ఆ చోట మాత్రమే టర్పెంటైన్‌తో మైనం తీసి, నూనె అద్దిన పీచుతో రుద్ది, తుడిచి, ఆరబెట్టి మళ్లీ పూయండి. అదే చోట మూడోసారి కూడా వస్తే అది మామూలు తుప్పు కాదు, లోపల క్లోరైడు ఉందని అర్థం. అప్పుడు పైన చెప్పిన డబ్బా, సిలికా జెల్ దారి పట్టండి.

చేసిన పనిని ఒక చీటీ మీద రాసి, నూలు దారంతో వస్తువుకు కట్టండి. ఏ తేదీన, ఏ మైనం, టానిక్ ఆమ్లం వాడారా లేదా, పూత దేనితో కరుగుతుంది. పెన్సిలుతో రాయండి, సిరా తేమకు పాకుతుంది.